బాలమణిని చూడటానికి పాలమూరు పోయిన సంగతి

ఎందుకు బయల్దేరానంటే

ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరైన రోజున నాకు శాలువా కప్పి, "ఇక హాయిగా ఉండండి సిస్టర్" అన్నారు. హాయిగా ఉండటం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాది కోనసీమ. ఇంటి ముందు కాలవ, వెనక కొబ్బరిచెట్లు. మావారు పొద్దున్నే నడక ముగించుకుని స్నేహితుల దగ్గరికి పోతారు. అబ్బాయి, కోడలు రాజమండ్రి నుంచి నెలకోసారి వచ్చి వెళ్తారు. పెన్షను వస్తుంది. మోకాళ్ళు తప్ప ఒంట్లో బాధలేమీ లేవు. అంతా బాగానే ఉంది. ఆ బాగుండటమే నాకు తగలడం లేదు. కూరలో ఉప్పు వేశానని తెలుసు, నోటికి మాత్రం చప్పగానే ఉంది. అలా గడిచాయి రెండేళ్ళు.

పక్కింటావిడ బలవంతం మీద ఒక ధ్యానం క్లాసులో చేరాను. రెండోరోజు మాస్టారు కళ్ళు మూసుకోమని, "మీకు నిజంగా ఆనందం కలిగిన క్షణం ఒక్కటి గుర్తు తెచ్చుకోండి" అన్నారు. అందరూ చిరునవ్వులు నవ్వుతున్నారు కాబోలు. నాకు మాత్రం బాలమణి గుర్తుకొచ్చింది. ఆనందంతో కాదు. నేను ఆమెను కొట్టాను.

పాతికేళ్ళ కిందటి సంగతి. మా వైపు కాలవ పనికి పాలమూరు నుంచి కూలీల ముఠా ఒకటి వచ్చింది. అందులోంచి ఒక మధ్యాహ్నం ఒక పిల్లను మా ఆసుపత్రికి తెచ్చి దించిపోయారు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. తొలికాన్పు. చేతులకి, జుట్టుకి మట్టి. తనవాళ్ళంటూ పక్కన ఎవరూ లేరు. ఆరోజు నా మీద అయిదు కాన్పులున్నాయి, తోడు డ్యూటీ ఆవిడ సెలవు పెట్టింది. ఈ పిల్ల గొంతు చించుకుని అరుస్తోంది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది, చెప్పింది వినదు. తొడమీద గట్టిగా రెండు దెబ్బలు వేశాను. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే?" అన్నాను. అప్పట్లో ఆ మాట మేమంతా అనేవాళ్ళం. అది తప్పని ఎవరూ అనలేదు, మాకూ తోచలేదు. ఆ పిల్ల ఠక్కున అరవడం మానేసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు పాతికేళ్ళుగా నాతో ఉంది.

పన్నెండేళ్ళ తర్వాత బాలమణి కూతురి పుట్టిన తేదీ కాగితం కోసం మళ్ళీ మా ఆసుపత్రికి వచ్చింది. నన్ను తనే గుర్తుపట్టింది. రిజిస్టరు వెతికి కాగితం ఇప్పించాను. నా ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళింది. అప్పట్నుంచి ఏటా దసరాకి ఫోన్ చేస్తుంది. "ఎట్లున్నవు సిస్టరమ్మా? మా ఊరికి ఎప్పుడొస్తవు?" అని. ప్రతిసారీ "వస్తాలే" అనేదాన్ని. ధ్యానం క్లాసు నుంచి ఇంటికొచ్చి, నేనే మొదటిసారి ఆమెకు ఫోన్ చేసి, "వస్తున్నాను" అన్నాను.

చౌటుప్పల్

దారిలో మా చిన్నాన్న కొడుకు సుధాకర్ ఇంట్లో ఒక రాత్రి ఉన్నాను. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు వాడు. హైవేకి రెండు పక్కలా రంగేసిన హద్దురాళ్ళు పాతిన ప్లాట్లే. మా వైపు అంత జాగా ఖాళీగా కనిపిస్తే వరి నాటేస్తారు.

సాయంత్రం సుధాకర్ నన్ను తను కొన్న ప్లాటు చూడటానికి తీసుకెళ్ళాడు. నాలుగు రాళ్ళు, మధ్యలో తంగేడు పొద. అక్కడ నిలబడి, "ఇంకో రెండేళ్ళు అక్కా. ఇల్లు లేపేస్తే ఇక ప్రశాంతం" అన్నాడు. ఏడేళ్ళ కిందట మా ఊరొచ్చినప్పుడూ ఇదే మాటన్నాడు. అప్పుడది కారు గురించి. వాడి భార్య నా చెవి దగ్గరికొచ్చి, "వదినా, ఆయన ఆ రాళ్ళ మధ్య నుంచున్నప్పుడే కాస్త నవ్వుతారు. అందుకే వారానికోసారి నేనే తీసుకెళ్తాను" అంది. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. రిటైరయ్యాక హాయిగా ఉండొచ్చని నేను మాత్రం ముప్పై నాలుగేళ్ళు ఎదురుచూడలేదా?

చిట్యాలలో టీ

మర్నాడు నల్లగొండ బస్సెక్కాను. కండక్టరు ఆధార్ కార్డు చూసి, "ఆంధ్రదా అమ్మా? నువ్వు టికెట్ తీసుకోవాలె" అన్నాడు. తెలంగాణ ఆడవాళ్ళకి అక్కడ బస్సు ఉచితం. బస్సులో ఆడవాళ్ళందరికీ జీరో టికెట్, నాకు తప్ప. నా పక్కన కూర్చున్న ముసలావిడ నా చేతిలోని టికెట్టు తీసుకుని, తన దానితో పక్కపక్కన పెట్టి చూసి, జాలిగా వెనక్కిచ్చింది.

చిట్యాలలో బస్సు ఆగితే టీకి దిగాను. అక్కడ చాయ్ అనాలి. చిన్న గ్లాసు, పది రూపాయలు, మా వైపు టీకి రెండింతలు చిక్కన. వేడిగా ఉందని ఊదుకుంటూ ఉండగానే బస్సు కదిలింది. నా సంచి లోపలే ఉంది. గ్లాసు పట్టుకునే పరుగెత్తాను. నాకంటే ముందు బస్సు లోపల్నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఓ డ్రైవరూ! ఆపు! ఆడోళ్ళల్ల టికెట్ కొన్నది ఆమె ఒక్కతే, ఆమెనే ఇడిసిపెట్టి పోతవా?"

బస్సంతా గొల్లున నవ్వింది. ఎక్కి చూస్తే చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. కిటికీలోంచి కొట్టువాడికి అందించాను.

నన్ను కాపాడిన ఆ ముసలావిడ పేరు సత్తెమ్మ. డెబ్బై దాటి ఉంటుంది. నల్లగొండకి ఎందుకని అడిగాను.

"మా దోస్తును సూడనీకె. చిన్నప్పుడు ఇద్దరం గొర్లు కాసినం. పెండ్లయినంక ఆమె గా దిక్కు, నేను గీ దిక్కు. నలబై ఏండ్లు మొఖం సూసుకోలె. పైసల్లేక గాదు బిడ్డా. దోస్తును సూడనీకె బస్సు కిరాయి అడిగితె ఇంట్ల నగుతరని అడగలె. ఇప్పుడు టికెట్ లేదు గద, ఎవర్నీ అడిగే పని లేదు. నెలకొకపారి పోతున్న."

"వెళ్ళి ఏం చేస్తారు ఇద్దరూ?"

"ఏం జేస్తం? కూసుంటం. ఆమెకు చెవులు ఇనపడయి, నాకు కండ్లు ఆనవు. నేను ముచ్చట జెప్త, ఆమె నా మొఖం సూస్కుంట కూసుంటది. మల్ల సాయంత్రం బస్సుకు ఇంటికొస్త."

నల్లగొండలో దిగాక, స్టాండులో బెంచీ మీద కూర్చున్న మరో ముసలావిడ లేచి నిలబడటం చూశాను. సత్తెమ్మకి ఆమె సరిగా కనపడి ఉండదు. అయినా సరిగ్గా అటే నడిచింది.

నందికొండ

రాత్రికి ఆగి పొద్దున్నే బాలమణి ఊరికి పోదామని నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళాను. సాగర్ డ్యామును అక్కడి పాతవాళ్ళు ఇంకా నందికొండ అనే అంటారు. మా గోదావరిలో నీళ్ళు ఎప్పుడూ ఎక్కడికో పోతూ ఉంటాయి. ఇక్కడ కృష్ణ కొండల మధ్య కదలకుండా పడుకుని ఉంది. డ్యాము కట్టడానికి వచ్చినవాళ్ళ కోసం వేసిన క్వార్టర్లలో కొన్నింటికి కొత్త సున్నాలు, కొన్నింటికి తాళాలు.

నీళ్ళ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న కోటయ్య అనే ఆయన నా మాట విని తలెత్తాడు. "మీది గోదారి జిల్లా కదండీ?" అన్నాడు. వాళ్ళ నాన్న చేపల కోసం తుని వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆయన మాటలో "అండీ" ఉంది, మధ్యలో "జర" ఉంది. ఆయన భార్య నాకు బొచ్చె చేప పులుసు పెట్టింది. డబ్బులిస్తే అన్నానికి తీసుకుంది, చేపకి తీసుకోలేదు. చింతపండు మా వైపు కంటే తక్కువ, కారం చాలా ఎక్కువ. ముక్కు తుడుచుకుంటూ తిన్నాను.

తిన్నాక నీళ్ళ వంక చూస్తూ బాలమణితో ఏమనాలో మనసులో అనుకోవడం మొదలుపెట్టాను. మొదటి మాటే తట్టలేదు. ఆమె మరిచిపోయి ఉంటే? గుర్తుచేసి బాధపెట్టడానికా ఇంత దూరం వచ్చింది? లేక నా బరువు తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టడానికా? సాయంత్రం బస్టాండుకు పోతే మాచర్ల బస్సు బయల్దేరబోతోంది. అది ఎక్కితే రేపు మధ్యాహ్నానికి మా ఇంట్లో ఉంటాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా.

అప్పుడే ఫోన్ మోగింది. బాలమణి.

"యాడున్నవు సిస్టరమ్మా? రేపు పొద్దుగాల్ల ఎన్ని గంటలకొస్తవు? నీకోసమని నాటుకోడిని అడిగిపెట్టిన. మీరు గోదావరోళ్ళు కారం తింటరా, తినరా?"

"తింటాం" అన్నాను. ఇక ఏం చేస్తాను, కాలు వెనక్కి తీసుకున్నాను. ధైర్యం వచ్చి కాదు, కోడి మీద మొహమాటంతో ఆగిపోయాను. నిజం చెప్పాలి కదా.

బాలమణి ఊరు

దేవరకొండ మీదుగా పోయే దారంతా గుండ్రాళ్ళ గుట్టలు. ఎవరో తీరిగ్గా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. అచ్చంపేట వైపు తిరిగాక మాత్రం పచ్చటి పల్లి చేలు కనిపించాయి. మేం వేరుశెనగ అనేదాన్ని వాళ్ళు పల్లి అంటారు. లిఫ్టుతో ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు వచ్చాక ఈ పచ్చదనం వచ్చిందని బస్సులో ఒకాయన చెప్పాడు.

బాలమణి ఊరి మొదట్లోనే నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. నా సంచి లాక్కుని, కాళ్ళకి నీళ్ళిచ్చి, బొట్టు పెట్టి గానీ లోపలికి రానివ్వలేదు. ఆమె భర్త హైదరాబాదులో కట్టుబడి పనికి పోయాడట. "నీళ్ళొచ్చినయి గని ఉన్నది ఎకరంన్నర. వలస బందు గాలె. దూరం తగ్గింది, గంతే" అంది.

లోపల్నుంచి ఒకమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. పాతికేళ్ళు. అయిదో నెల కడుపు. ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తోందట. అత్తగారి ఊరు పక్కనే, అమ్మ దగ్గర నాలుగు రోజులుండటానికి వచ్చింది.

"గీమెనే గోదావరి" అంది బాలమణి.

నేను తెల్లబోయాను. రిజిస్టరులో "ఆడ శిశువు" అని మాత్రమే రాసి ఉంది. పేరు నాకెప్పుడూ చెప్పలేదు.

"మీ దిక్కు పుట్టింది గద. పేరు జెప్తె ఊరోళ్ళు నగిరి. బోరుల నీళ్ళు లేవు గని నీ ఇంట్ల గోదావరి ఉన్నదా అని."

ఆ పూట జొన్నరొట్టె, తొక్కు అని వాళ్ళనే పల్లీల పచ్చడి, నాటుకోడి కూర. రొట్టె తుంచడం నాకు చేతకాలేదు. అన్నంలా కలపబోయాను. గోదావరి నవ్వాపుకుంటూ, "గట్ల కాదు మేడం" అని తన చేత్తో చూపించింది. కూరకి కళ్ళనీళ్ళు కారాయి. కారం తింటానని ఫోనులో గొప్పగా చెప్పింది నేనే.

పల్లి చేను

మర్నాడు పల్లి పీకుడు. ఇంట్లో కూర్చోమన్నారు, వినకుండా వెళ్ళాను. మొక్క కుదురు పట్టి లాగితే వేళ్ళతో పాటు కాయలు బయటికి రావాలి. నేను లాగితే ఆకులే చేతికొచ్చాయి. కాయలు మట్టిలోనే ఉండిపోయాయి. పక్క చేలోని ఆడవాళ్ళు కూడా పని ఆపి చూశారు. ఒకసారి గట్టిగా లాగి వెనక్కి పడ్డాను. బాలమణి నన్ను లేపుతూ తనూ కూలబడి, నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎండ ముదిరాక కుప్ప పక్కన నీడలో కూర్చుని కాయలు తెంపుతున్నాం. గోదావరి నీళ్ళు తేవడానికి పోయింది. ఇప్పుడు అనకపోతే ఇక అనలేననిపించింది.

"బాలమణీ, నీ కాన్పు రోజున నేను నిన్ను కొట్టాను. గుర్తుందా?"

ఆమె చేతులు ఆగలేదు. "యాదికున్నది."

"రెండు దెబ్బలు కొట్టాను."

"మూడు" అంది.

కాయలు గంపలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒక మాటగుడ అన్నవు. దెబ్బ నొప్పి గా దినమే పోయింది. మాట పోలె. నా పెనిమిటికిగుడ జెప్పలె. శానా ఏండ్లు కోపముండె నీ మీద."

"తప్పు చేశాను. క్షమించమని అడగడానికే వచ్చాను. మరి నువ్వు ఏటా నాకు ఫోన్ ఎందుకు చేశావు? కాగితం నా చేతే ఎందుకు ఇప్పించుకున్నావు?"

అప్పుడు చేతులాపి నా వంక చూసింది.

"పిల్ల పుట్టినంక ఏడ్వలె సిస్టరమ్మా. నీలంగ అయింది. డాక్టరు లేడు. నువ్వు సన్న పైపు దాని నోట్ల పెట్టి, ఇంకో కొస నీ నోట్ల పెట్టుకొని లోపలిదంతా గుంజి ఉమ్మినవు. మల్ల గుంజినవు. ఈపు రుద్దినవు. రుద్దుకుంట నువ్వు ఏడుస్తున్నవు. 'ఏడువే, ఏడువే తల్లీ' అంటున్నవు దానికి. గది గుడ నేను సూసిన గద. రెండూ నువ్వే. దేన్నని మర్సిపోవాలె?"

నాకు ఏమీ గుర్తులేదు. నిజంగా ఒక్క ముక్క గుర్తులేదు. అలాంటి పైపులు నోట్లో పెట్టుకుని ఎంతమంది పిల్లల గొంతులు శుభ్రం చేశానో. రోజువారీ పని, చేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోయేదాన్ని. నేను ఏడ్చానా? దెబ్బను పాతికేళ్ళు దాచుకున్నాను, రెండో దాన్ని అక్కడే పారేసి వచ్చాను. ఆమె రెండూ దాచుకుంది.

వెనక బిందె దించిన చప్పుడైంది. గోదావరి ఎప్పుడొచ్చిందో చూడలేదు.

"మా అమ్మను కొట్టినవా?" అంది. మేడం అనలేదు.

"కొట్టానమ్మా."

"గప్పుడు ఆమె నా అంత గుడ లేదు" అంది. నీళ్ళు అక్కడే వదిలి గట్టు మీదుగా వెళ్ళిపోయింది.

బాలమణి, "పోనియ్. అది గంతే, కోపమొస్తె దాసుకోదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉంది. ఎవరైనా కొడితే ఈ పిల్ల ఊరుకోదు, తనలా మౌనంగా చూసి ఊరుకోదు అనుకుందేమో. మిగిలిన పూటంతా కాయలు తెంపాం. వేళ్ళు మంటపుట్టాయి. ఎందుకో ఆకలి బాగా వేసింది. చాలా రోజుల తర్వాత నాకు అన్నం రుచి తెలిసింది. ఆమె క్షమించానని అనలేదు. అనకపోయినా, నన్ను పూర్తిగా ఎరిగిన ఒక మనిషి పక్కన కూర్చుని తింటున్నాను. అంతకుముందు అలా ఎప్పుడు కూర్చున్నానో గుర్తు రాలేదు.

దవాఖాన

మర్నాడు నా తిరుగుబస్సు. గోదావరి రాత్రంతా నాతో మాట్లాడలేదు. పొద్దున ఆటో వచ్చాక మాత్రం తనూ ఎక్కి నా పక్కన కూర్చుంది. దారి సగం అయ్యాక రోడ్డు వంక చూస్తూనే అంది.

"నాకు కోపం పోలె."

"పోవాలని నేను అడగనమ్మా."

పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "ఇయ్యాల నాకు దవాఖానల చెకప్ ఉన్నది. నాకు మస్తు భయమైతది. కాన్పు గదిల ఏం జేస్తరో అని. అమ్మనడిగితె ఏం గాదంటది. ఇప్పుడు తెలిసింది గద ఎందుకు జెప్పలేదో. నువ్వు నాతోటి లోపటికొస్తవా?" అంది.

వెళ్ళాను. వరండాలో ముప్పైమంది దాకా గర్భిణులు. బెంచీల మీద కొందరు, నేల మీద కొందరు. ఒకే ఒక్క నర్సు, ఇరవై అయిదు దాటని పిల్ల. మొహం అలిసిపోయి ఉంది. అయినా వచ్చిన ప్రతి ఒక్కరినీ, "కూసో అక్కా, తిన్నవా?" అని అడిగి గానీ కాగితం తీసుకోవడం లేదు. ఆ ఒక్క మాటకు ఎంతసేపు పడుతుందో చూశాను. ఏమంత సేపు పట్టలేదు. ఆ మాట అనడానికి నాకు టైము లేదని ముప్పై నాలుగేళ్ళు అనుకున్నాను.

ఆ నర్సమ్మాయి గోదావరిని బల్లమీద పడుకోబెట్టి పొట్ట మీద చిన్న యంత్రం పెట్టింది. కొంచెం గరగరమని, తర్వాత వినిపించింది. డబడబమని, గట్టినేల మీద గుర్రం పరుగెత్తుతున్నట్టు. గోదావరి చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"గిదేంది?"

"మీ బిడ్డ గుండె" అన్నాను.

ఈ చప్పుడు నేను వేలసార్లు విన్నాను. విన్నానని కూడా చెప్పలేను. లెక్కపెట్టాను. నిమిషానికి నూట నలభై అని కాగితం మీద రాసి, "నెక్స్ట్" అని పిలిచాను. ఆరోజు లెక్కపెట్టలేదు. నర్సమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, యంత్రం తియ్యకుండా ఇంకాసేపు అలాగే ఉంచింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు కూడా మాటలాపి విన్నారు. ధ్యానం మాస్టారు అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడు జవాబుంది. ఒక్క క్షణం కాదు, కొన్ని వేల క్షణాలు. అన్నీ నా చేతుల మీదుగానే పోయాయి, నేనే తలెత్తి చూడలేదు. దానికి బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ చేతిలో గోదావరి చెయ్యి వెచ్చగా, చెమటగా ఉంది. దాన్ని వదలాలనిపించలేదు.

బయటికొచ్చాక గోదావరి బస్సు దాకా వచ్చింది. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద నిలబడి కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ అంది.

"ఆషాఢంల డేటు ఇచ్చిండ్రు. కాన్పుకొస్తవా?"

"వస్తాను."

"నేను మస్తు ఒర్రుత. ముందుగాల్నే జెప్తున్న."

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, అందరూ వింటున్నారని కూడా చూసుకోకుండా గట్టిగా అన్నాను. "అరువు తల్లీ! ఎంత అరవాలనుంటే అంత అరువు!"